తొమ్మిది రూపాయల తోకముక్క

మూడు రోజులుగా నా బల్ల మీద ఒక కాగితం ఉంది. మా వీధి చివర కొత్తగా చిన్న హోటలు తెరవబోతున్న అమ్మాయి ఇచ్చి వెళ్ళింది. అందులో మూడు కాంబోలు రాసింది. అన్నం, పప్పు, వేపుడు ఒకటి. అన్నం, పప్పు, గుడ్డు కూర రెండోది. అన్నం, చేపల పులుసు, వేపుడు మూడోది. "అంకుల్, మూడింటికీ రేటు కట్టి ఇవ్వండి. శనివారం బోర్డు రాయడానికి పెయింటర్ వస్తాడు" అంది.

నాకు ఇలాంటి పని ఇష్టం. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా, సామిల్లు యార్డులో దుంగలు కొలుస్తూ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. బ్రూక్షాబాద్‌లో ఎవరు ఇల్లు కట్టినా, ఎవరింట పెళ్ళి భోజనాలైనా అంచనాకి నా దగ్గరికి వస్తారు. కాగితం అందుకున్న రోజే గ్యాసు, నూనె, కందిపప్పు, గుడ్డు, మా దీవికి సరుకు తెచ్చే ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయల మీద పడే భారం, అన్నీ వరసగా వేసేశాను. ఒక్క గడి మిగిలింది. అన్నం. మనిషికి ఎంత బియ్యం?

ఆ గడి దగ్గర పెన్ను పెట్టాను, తీశాను. లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చాను. రెండు వందల గ్రాములు అని రాసి కొట్టేశాను. రెండు వందల యాభై రాసి అదీ కొట్టేశాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆ కుర్చీ ఏమన్నా కుడుతోందా?" అంది. కుట్టేది కుర్చీ కాదు. ఆ గడిలో ఒక మనిషి నిలబడి ఉంది. ఆ మనిషి పోయి ఏడాది అయింది. బతికున్నన్నాళ్ళూ కూడా నిలబడే ఉంది. ఆవిడ కూర్చోగా నేను చూడలేదు.

జంగ్లీఘాట్‌లో, చేపల రేవు నుంచి పైకి ఎక్కే దారిలో, ఒక పొడుగాటి గది. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు. పేరు లేదు, దీదీ మెస్సు అనేవాళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగు మనిషే అయినా జెట్టీ కూలీల నుంచి ఆఫీసు బాబుల దాకా అందరికీ దీదీయే. మా తెలుగువాళ్ళలో కొందరం అక్కా అనేవాళ్ళం. గోడకి ఒక నల్లబోర్డు, దాని మీద ఒకే ఒక అంకె ఉండేది. నేను ఎరిగేనాటికి అది పన్నెండు. చేపముక్క, పప్పు, వేపుడు, అన్నం ఎంత తింటే అంత. అంకె మార్చాల్సి వస్తే గుడ్డతో తుడిచేది కాదు. బొటనవేలు నీళ్ళ చెంబులో ముంచి, దానితో చెరిపేది. చెరిపిన వేలుని చీర కొంగుకి రెండుసార్లు తుడుచుకునేది. ఎప్పుడూ అదే కొసకి.

ఓడ కూత వినబడితే మాట మధ్యలో ఆగిపోయేది. పోర్టులోకి ఓడ వచ్చిందంటే అందరూ ఎవరు దిగుతారో అనుకుంటారు. ఆవిడ ఎన్ని బస్తాల ఉల్లిపాయలు దిగుతాయో అనుకునేది. "జహాజ్ వచ్చింది, ఇంకేటి. రేపు పులుసులో ఉల్లిపాయ కనపడతాది" అని మళ్ళీ మాట అందుకునేది.

అన్నిటికన్నా వింత ఆవిడ వడ్డన. మనిషి బెంచీ మీద కూర్చోగానే అన్నం గిన్నె పట్టుకుని వచ్చేది. మొహం చూసేది కాదు. బల్ల కిందికి వంగి కాళ్ళు చూసేది. చూసి వడ్డించేది. సిమెంటు పట్టిన కాళ్ళకి ఒక రాశి, ఉప్పునీళ్ళకి పగిలిన మడమలకి ఇంకాస్త పెద్ద రాశి, మేజోళ్ళు వేసిన కాళ్ళకి రెండు గరిటెలు. ఒకసారి అడిగాను, ఎందుకలా అని.

"నోరు మొహమాటపడతాది బాబూ. సాలు అంటాది. కాళ్ళు అబద్ధం ఆడవు."

ఆదివారం మా తెలుగు చర్చిలోనూ అంతే. లోపలికి వచ్చి చాప మీద కూర్చోదు. వెనక తలుపు దగ్గర, అందరూ చెప్పులు విడిచే చోట నిలబడేది. పాట పాడుతూనే చెప్పుల మీద చూపు తిప్పేది. ప్రార్థన అయ్యాక నన్ను పట్టుకుని, "మీ పక్కింటోళ్ళ గోధుమరంగు చెప్పులు రెండు వారాలుగా లేవు. జొరమేటి?" అనేది. అడిగినప్పుడల్లా నిజంగానే ఎవరికో జ్వరం.

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏడేళ్ళు. మధ్యాహ్నం తిండి అక్కడే. ఒకరోజు వెళ్ళేసరికి గది యజమాని తలుపులో ఉన్నాడు. మెత్తగానే మాట్లాడుతున్నాడు. "దీదీ, పహలీ తారీఖ్ సే ఢాయీ సౌ జ్యాదా. నహీ తో కమరా ఖాలీ కర్ దో." ఒకటో తారీఖు నుంచి రెండు వందల యాభై ఎక్కువ, లేకపోతే గది ఖాళీ. మోటారు విడిభాగాల వ్యాపారి ఒకడు ఆ గది అడుగుతున్నాడని అందరికీ తెలుసు. ఆ గది పోతే రేవు దగ్గర అంత చవకలో ఆవిడకి మరో గది దొరకదు. పొయ్యి, గిన్నెలు, అరవైమంది మనుషులు, అన్నీ ఆ గదికే అతుక్కుని ఉన్నాయి.

అతను వెళ్ళాక అన్నం గిన్నె నా పక్కన దింపింది. "ఏటి బాబూ, దుంగలకి లెక్క కడతావు గదా. అన్నానికి కట్టలేవేటి?"

ఎవరైనా నన్ను అలా అడగాలని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాను. వెంటనే ఒప్పుకున్నాను.

వారం రోజులు మూల బెంచీ మీద పొడుగు నోటుబుక్కుతో కూర్చున్నాను. రోజుకి అరవై కంచాలు. రాబడి ఏడువందల ఇరవై. ఖర్చు ఆరువందల ముప్పై ఆరు. కంచానికి పది రూపాయల అరవై పైసలు. రోజుకి మిగిలేది ఎనభై నాలుగు. నెలకి ఇరవై ఐదు రోజులు నడిచే మెస్సు, కాబట్టి పెరిగిన అద్దెకి రోజుకి సరిగ్గా ఇంకో పది కావాలి. పేజీ అంచున ఊరికే రాసుకున్నాను: జెట్టీ 25, ఆఫీసు 35.

నా ఉపాయం ఇది. ఆఫీసుల్లో ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి పన్నెండు ఎక్కువ. కప్పు కొలిచి అన్నం పెట్టే చిన్న ప్లేటు ఒకటి పెడితే ఎనిమిదిలో అయిపోతుంది. తొమ్మిదికి అమ్మితే పదిమంది కొత్తవాళ్ళు వచ్చినా రోజుకి పది. లెక్క అచ్చంగా అతికింది. అతికినప్పుడు నాకు కలిగే సంతోషం చెప్పలేను, దుంగ సగానికి సరిగ్గా చీలినట్టు ఉంటుంది.

ఆవిడ బోర్డు మీద పన్నెండు కింద తొమ్మిది రాసింది. వెనక్కి జరిగి చూసింది. కొంగు కొసకి వేలు తుడుచుకుంది. "నాకెక్కడో గుచ్చుకుంటోంది బాబూ. ఎక్కడో సెప్పలేను."

"గుచ్చుకోవడానికి ఇందులో ఖాళీ లేదక్కా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

పదిమంది కొత్తవాళ్ళు వచ్చారు. నేను చెప్పినట్టే, మూడో రోజుకే. కానీ గల్లాడబ్బా తేలికగా ఉంది. నాలుగో రోజు ఇంకా తేలిక. ఐదో రోజు నేను తినడం మానేసి విన్నాను. ఆఫీసు బల్లల నుంచి ఒకే మాట. "దీదీ, చిన్న ప్లేటు." "దీదీ, నాకూ చిన్నదే." పన్నెండు ఇచ్చి రెండు గరిటెల అన్నం తినేవాళ్ళు, అదే రెండు గరిటెలు తొమ్మిదికి దొరుకుతుంటే పన్నెండు ఎందుకిస్తారు? ఆ రోజు అన్నం, పప్పు, పులుసు బల్లకి బల్ల విడిగా కొలిచాను. జెట్టీ మనిషి కంచం ఖర్చు పద్నాలుగు. ఆఫీసు మనిషిది ఎనిమిది. నేను రెండూ కలిపి అరవైతో భాగించి కూర్చున్నాను. ఆ పన్నెండు రూపాయల బోర్డు కింద ఆఫీసు వాళ్ళు జెట్టీ వాళ్ళకి రోజూ అన్నం పెడుతున్నారు, ఇద్దరికీ తెలియకుండా. నేను వెళ్ళి ఆ దారి మూసేశాను.

ఎనభై నాలుగు మిగిలే చోట ఇప్పుడు చేతి నుంచి పోతోంది. అది కూడా సరిగా కుదరలేదు. నా లెక్కన రోజుకి ఐదు రూపాయల నష్టం రావాలి. డబ్బా చూస్తే పదకొండు. ఆ ఆరు రూపాయలు ఎక్కడ పోతున్నాయో ఎన్నిసార్లు కూడినా దొరకలేదు. పిల్లి ఏమన్నా చేప ఎత్తుకుపోతోందా అని కూడా అడిగాను.

"పెద్ద ప్లేటు పదిహేను చేద్దాం అక్కా" అన్నాను.

"జెట్టీవోడికి పదిహేనా? ఆడు రాడు. బన్ను తిని టీ తాగి బస్తా ఎత్తుతాడు. మూడింటికి కళ్ళు తిరిగి పడతాడు."

"అయితే తొమ్మిది చెరిపేద్దాం."

"తొమ్మిదికి తిన్న నోరు పన్నెండు ఇస్తాదా బాబూ?"

ఒకటో తారీఖుకి పదకొండు రోజులుంది. నోటుబుక్కు అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చేశాను. నాలుగు రోజులు ఆ దారిన పోలేదు. మధ్యాహ్నం యార్డులోనే అటుకులు నమిలి, దుంగల మధ్య అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఒక దుంగని రెండుసార్లు కొలిచి రెండు కొలతలూ రాశాను. మేస్త్రీ తిట్టాడు.

ఐదో రోజు, వాన వెలిశాక, రాంచీ నుంచి వచ్చిన కూలీ ఒకతను యార్డు గేటు దగ్గర నిలబడి కేకేశాడు. రోజూ మా ఎదురు బెంచీ మీద తినే మనిషి. "బాబూ, దీదీ బులా రహీ హై! బోలీ, హిసాబ్ కే లియే నహీ, ఖానే కే లియే!" లెక్కకి కాదట, తిండికి రమ్మంది.

వెళ్ళాను. ఆఫీసు బల్ల దగ్గర నా మామూలు చోట కూర్చున్నాను. గిన్నె పట్టుకుని వచ్చింది. వంగి నా కాళ్ళు చూసింది. చీలమండల దాకా ఎర్రమట్టి, దాని మీద రంపపు పొట్టు. రాశి పోసింది. పులుసు పోసింది. నేను తల ఎత్తలేదు. అయ్యేసరికి మళ్ళీ పోసింది. మూడోసారి పోసి, చంకలో పెట్టుకున్న నా నోటుబుక్కు తీసి కంచం పక్కన పరిచింది.

"ఈ ముప్పై ఐదులో నువ్వున్నావా?"

"ఉన్నాను."

"దేనికి?"

నన్ను నేను చూసుకున్నాను. చొక్కా ఉంది. జేబులో పెన్నుంది. ఆఫీసు బల్ల దగ్గర కూర్చుంటాను. అందరి కంచాలూ కొలిచాను గానీ నా కంచం కొలవలేదు, ఆఫీసు లెక్కే వేసుకున్నాను. చిన్న ప్లేటు పెట్టాక నేనూ తొమ్మిదే ఇచ్చాను. ఆవిడ మూడుసార్లు పోస్తుంటే పరధ్యానంగా తిన్నాను.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడి దుంగలు దొర్లించేవోడివి. రోజూ ముమ్మారు పెడతన్నాను. ఒక్కనాడన్నా నిన్ను నువ్వు లెక్కెట్టుకున్నావేటి?" గది మొత్తానికి వినబడేలా అంది. "ఆరు రూపాయల పిల్లి దొరికిందర్రా! పెన్ను జేబులో ఎట్టుకుని కూకుంది."

జెట్టీ బెంచీలు పగలబడి నవ్వాయి. రాంచీ అతను "బిల్లీ బాబూ!" అన్నాడు. ఆ పేరు రెండేళ్ళు నన్ను వదల్లేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నీళ్ళ చెంబులో బొటనవేలు ముంచి నా ముప్పై ఐదు మీద రుద్దింది. సిరా నీలంగా అలికింది. "ముప్పై నాలుగు రాసుకో. ఇటు ఇరవై ఆరు."

నేను ఇరవై ఆరు పద్నాలుగులు, ముప్పై నాలుగు ఎనిమిదులు వేసి కూడి చూశాను. ఆరువందల ముప్పై ఆరు. పైసా తేడా లేదు.

"ఇంకోటి. సేపని ఎలా రాశావు?"

"పన్నెండు చేపలు. డెబ్భై రెండు ముక్కలు."

"ముక్కలన్నీ ఒకటేనేటి?" అని వంటపొయ్యి వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు బోర్డు మీద అంకెలు అవే. పక్కన రెండు మాటలు చేరాయి. పన్నెండు పక్కన నడిముక్క లేక తలకాయ. తొమ్మిది పక్కన తోక. అప్పటిదాకా ఏ ముక్క పడితే అది, ఎవరి అదృష్టం వాళ్ళది. పన్నెండు చేపలకి పన్నెండు తోకలు. కొత్తవాళ్ళు పదిమంది. ఆవిడ నాకు లెక్క చెప్పలేదు, నేనే నిలబడి అందుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఒక ఆఫీసు నుంచి హెడ్ క్లర్కు గారు వచ్చారు, వెనకే ఆయన ప్యూను. హెడ్ క్లర్కు గారు అలవాటుగా చిన్న ప్లేటు అన్నారు. ప్యూను ఆ రోజు ఫైళ్ళు మోసి అలిసిపోయాడేమో, పెద్దది అన్నాడు. రెండు కంచాలూ పక్కపక్కన దిగాయి. ప్యూను కంచంలో అరచేయంత నడిముక్క. పక్క కంచంలో సన్నగా, రెక్క పైకి లేచిన తోక. హెడ్ క్లర్కు గారు దాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పారు.

"దీదీ, ఇదేమిటి?"

"తోక బాబుగారూ. తొమ్మిదికి తోకే వస్తాది."

"వాడికి?"

"ఆయన పన్నెండు ఇచ్చారండి."

ప్యూను తల దించుకుని ముల్లు ఏరుకుంటున్నాడు. నవ్వు ఆపుకోవడానికే అని అందరికీ తెలుసు. హెడ్ క్లర్కు గారు తోక ముట్టకుండా పప్పుతో తిని లేచారు. మర్నాడు వస్తూనే, ఇంకా బెంచీ ఎక్కకముందే, "దీదీ, పెద్ద ప్లేటు. నడిముక్క" అన్నారు. వారం తిరక్కుండా ఆయనతో సహా ముప్పై నాలుగు మందీ పన్నెండుకి వచ్చేశారు. అన్నం మాత్రం అదే రెండు గరిటెలు. జెట్టీ వాళ్ళకి చీల్చిన తలకాయలంటే ప్రాణం, వాటి కోసం ముందే వచ్చి పోట్లాడుకున్నారు. నెలాఖరు రోజుల్లో తోకలకి గిరాకీ పెరిగేది, అప్పుడు ఎవరూ ఎవరి కంచం వైపూ చూసేవాళ్ళు కాదు.

నేను రోజుకి ఎంత మిగులుతోందో వేశాను. తొంభై నాలుగు. ఎనభై నాలుగు మీద సరిగ్గా పది.

అయినా ఆ నెల చెయ్యి ఖాళీగానే ఉంది. నా వల్ల పోయింది పోయిందే. ఒకటో తారీఖు మధ్యాహ్నం ఆవిడ పాత అద్దె కొంగున ముడేసుకుని, చేతిలో కారియర్ పట్టుకుని యజమాని దుకాణానికి నడిచింది. నేను కూడా వెళ్ళాను, సాయానికి కాదు, ఏమవుతుందో చూడకుండా ఉండలేక.

"భయ్యా, ఇస్ మహీనే పైసా నహీ, ఖానా. బీస్ దిన్." పెంచిన అద్దెకి ఈ నెల డబ్బు కాదు, తిండి. ఇరవై పూటలు, పన్నెండు చొప్పున రెండువందల నలభై. పైన ఒక పదిరూపాయల నోటు బల్ల మీద పెట్టింది. అతను నోటు చూశాడు, ఆవిడని చూశాడు. కారియర్ మూత తీశాడు. పై గిన్నెలోనే రెండు నడిముక్కలు. అతను చేతులు కడుక్కోవడానికి లేచాడు. విడిభాగాల అతను తర్వాత మరో సందులో గది చూసుకున్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో, "అక్కా, నా లెక్క వల్ల..." అని మొదలుపెట్టాను. అప్పుడే ఓడ కూత వేసింది. ఆవిడ ఆగి విని, "ఉల్లిపాయలు" అని వడివడిగా నడిచింది. ఆ మాట మళ్ళీ ఎత్తే వీలు నాకు ఎప్పుడూ ఇవ్వలేదు.

చాలా ఏళ్ళు నడిచింది మెస్సు. చివర్లో ఆవిడ కాళ్ళు వాచిపోయాయి. అప్పుడు కూడా ద్వారబంధానికి భుజం ఆనించి నిలబడేది. పోయిన వానాకాలంలో ఆవిడ భూస్థాపన ఆరాధనకి నేను లోపలికి వెళ్ళలేకపోయాను. వెనక తలుపు దగ్గర, ఆవిడ నిలబడే చోట నిలబడ్డాను. మెట్ల మీద, కింద గడ్డిలో, దారి దాకా చెప్పులు. పాలిష్ చేసిన బూట్ల మీద రబ్బరు చెప్పులు, రబ్బరు చెప్పుల మీద సిమెంటు గడ్డకట్టిన బూట్లు. అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపేశాను. ఏ జత ఎంత తింటుందో చెప్పగలిగే ఒక్క మనిషీ లోపల పెట్టెలో ఉంది.

నిన్న శుక్రవారం. అన్నం గడి అలాగే ఖాళీగా ఉంది. పాత నోటుబుక్కు తీశాను. అంకె ఉండాల్సిన చోట నీలం మరక, బొటనవేలంత. దాన్ని మూసి చెప్పులేసుకుని వీధి చివరికి నడిచాను.

ఆ అమ్మాయి రుచి చూడ్డానికి చుట్టుపక్కలవాళ్ళని పదిమందిని పిలిచింది. నన్ను చూసి ఎదురొచ్చింది. "అంకుల్, రేట్లు తెచ్చారా? రేపే పెయింటర్."

"పెయింటర్ని వద్దను తల్లీ. సుద్దముక్క తెప్పించు. ముందు నెలరోజులు చూద్దాం."

"అరే, ఇన్నాళ్ళు ఏం లెక్క చేశారు మరి?"

"తప్పు లెక్క. ఇక్కడ ఎవరు తింటారో చెప్పు ముందు."

"కస్టమర్లు అంకుల్! ఇంకెవరు?" అని నవ్వి కుర్చీ లాగింది. "బైఠియే, కూర్చోండి."

నేను కూర్చోలేదు. ద్వారబంధం దగ్గర నిలబడ్డాను. ఇద్దరు తాపీమేస్త్రీలు వచ్చారు, వెనక ఒక కాలేజీ కుర్రాడు తెల్లబూట్లతో. ముగ్గురికీ ఆ అమ్మాయి ఒకే కప్పుతో కొలిచి పెట్టింది. మేస్త్రీలలో పెద్దాయన "చాలమ్మా" అన్నాడు. నేను బల్ల కిందికి వంగి చూశాను. వేళ్ళ సందుల్లో సిమెంటు.

"ఆయన చాలన్నది వినకు. ఇంకో రెండు కప్పులు పెట్టు" అన్నాను.

పెట్టింది. ఆయన వద్దనలేదు. నేను కాగితం తీసి రాసుకున్నాను: పెద్ద 2, చిన్న 1. అందరూ లేచాక ఆ అమ్మాయి గిన్నె, కప్పు పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"మరి మీకు ఎన్ని కప్పులు అంకుల్?"

జవాబు చెప్పే ముందు నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.